గింజలు మానేసిన అల్లుడు

ఆ వీధిలో ఎవరింటికి దారి అడిగినా చెవి ఇల్లే గుర్తు చెబుతారు. చెవి ఇంటికి ఎదురుగా అనో, చెవి ఇల్లు దాటాక మూడోది అనో. ఆ ఇంటి ముందుగది కిటికీలో మనిషి నడుమెత్తున ప్లాస్టర్ చెవి ఒకటి వీధివైపు తిరిగి ఉంటుంది. బడులకు సైన్సు పాఠాల బొమ్మలు చేసి అమ్మే ఇల్లు అది. ముందుగది అరల నిండా కళ్ళు, దవడలు, గుండెకాయలు, నిలువునా చీల్చిన మూత్రపిండాలు. పక్కింటావిడ చాడీలు చెప్పడానికి వచ్చినప్పుడల్లా కుర్చీ లాక్కుని ఆ పెద్ద చెవి పక్కనే కూర్చుంటుంది. ఎందుకని అడిగితే, అక్కడైతే మాటలు బాగా వస్తాయంటుంది.

ఈ కథ ఆ ఇంటి అల్లుడిది. వీధిలో అందరూ అతన్ని గింజల అల్లుడు అంటారు. మొహం మీదే అంటారు, అతనూ పలుకుతాడు. బ్యాంకు పుస్తకంలో అసలు పేరు ఒకటుంది గానీ బ్యాంకువాళ్ళు తప్ప దాన్నెవరూ వాడరు. వాళ్ళు పిలిచినప్పుడు కూడా ఒకసారి వెనక్కి తిరిగి చూసుకుని, ఎవరూ లేరని తేలాకే లేచి వెళతాడు.

పందొమ్మిదేళ్ళ కిందట అతను ఆ ఇంటికి ప్లాస్టర్ బస్తాలు దించడానికి వచ్చాడు. తొమ్మిది బస్తాలు దించేసరికి వాన పట్టుకుంది. తగ్గేదాకా కూర్చోమన్నాడు యజమాని. కూర్చున్నవాడు ఊరికే ఉండలేక, బల్ల మీద మిగిలిపోయిన తడి ప్లాస్టర్ ముద్దను తీసుకుని, మూలన విరిగి పడున్న గొడుగు ఊచతో దాని మీద సన్నటి గీతలు గీశాడు. యజమాని ఆ గీతలు చూశాడు, అతని వేళ్ళు చూశాడు, లోపలికి తిరిగి కూతుర్ని మంచినీళ్ళు తెమ్మన్నాడు. వాన తగ్గింది. అతను మాత్రం వెళ్ళలేదు. మూడు నెలలకల్లా పెళ్ళయిపోయింది. వెళ్ళడానికి అతనికీ గొప్ప చోటేమీ లేదు. నలుగురు అన్నదమ్ములు ఒకే గదిలో పడుకునేవాళ్ళు, ఒకడు కాళ్ళు చాపుకోవాలంటే ఇంకొకడు ముడుచుకోవాలి.

ఇల్లరికపు అల్లుడి బతుకు ఎలా ఉంటుందో అనుభవించినవాడికే తెలుస్తుంది. తెలియనివాళ్ళు తేలిగ్గా నవ్వేస్తారు, నాకు ఒళ్ళు మండుతుంది. ఆ ఇంట్లో అతను ఫ్యాను స్విచ్చి వేయాలన్నా, ముందు ఎవరికైనా చెమట పడుతోందా అని చుట్టూ చూస్తాడు. ఎవరికీ పట్టకపోతే తనదే తుడుచుకుని ఊరుకుంటాడు. ఎవరూ అతన్ని పల్లెత్తు మాట అనరు. అదే వచ్చిన చిక్కు. అత్తగారు అతన్ని "అల్లుడు గారూ" అని, "మీరు" అని, రాక రాక వచ్చిన చుట్టాన్ని పలకరించినంత మర్యాదగా పలకరిస్తుంది. పందొమ్మిదేళ్ళుగా రోజూ ఇంట్లో ఉండే మనిషికి అంత మర్యాద చేస్తే ఎవడు తట్టుకుంటాడు?

గింజల సంగతి చెప్పాలి. మామగారు పెద్దగా చదువుకున్నవాడు కాదు. చార్టు ముందు పెట్టుకుని, ఉన్నది ఉన్నట్టు దించేవాడు. కణం బొమ్మలోని భాగాల పేర్లు ఆయనకు నోరు తిరిగేవి కావు. అందుకని ఆకారాన్ని బట్టి తనే పేర్లు పెట్టాడు. కణం మొత్తానికి అడుగున ఉండే చెక్క పలక పళ్ళెం. మధ్యలో గుండ్రంగా ఉండే కేంద్రకం బంతి. దాని పక్కన పొరలు పొరలుగా ఉండేవి దుప్పటి మడతలు. అటూ ఇటూ పడి ఉండే పొడుగాటి మైటోకాండ్రియాలు చిక్కుడు గింజలు. ఆయన పోయి ఆరేళ్ళయినా ఆ ఇంట్లో ఇవే పేర్లు.

బంతి అచ్చులో పోస్తే వచ్చేస్తుంది. మడతలు కూడా అంతే. గింజ అలా రాదు. దాన్ని నిలువునా కోసినట్టు చూపించాలి, లోపల వంకర టింకర పొర మడతలు పడి కనిపించాలి, అవి అచ్చుకు అందనంత సన్నం. తడి ఆరకముందే, సానబెట్టిన గొడుగు ఊచతో, ఒక్కొక్కటీ చేత్తో చెక్కాలి. పళ్ళేనికి నాలుగు గింజలు. ఆ పని అల్లుడికి అప్పజెప్పారు. వెనకగదిలో కుళాయి పక్కన చిన్న పీట వేసుకుని పందొమ్మిదేళ్ళుగా అతను గింజలే చెక్కాడు. బంతులు బావమరిది పోస్తాడు. రంగులు భార్య వేస్తుంది. ఆర్డర్లు, గడ్డి పరిచి పెట్టెలు కట్టించడం, అందరినీ అదిలించడం అత్తగారి పని.

"గింజలదేముందిలే," అనేది ఆవిడ ఎవరైనా వచ్చి బొమ్మ గురించి అడిగితే. "అటు రెండు, ఇటు రెండు, ఊరికే పడుంటాయి. పని చేసేదంతా బంతే." అలా అంటున్నప్పుడు ఆవిడ చూపు వెనకగదివైపు వెళ్ళేదని అల్లుడి అనుమానం. ఆవిడ నిజానికి కుళాయి కట్టారో లేదో చూసేది. కానీ అనుమానం పట్టినవాడికి అవన్నీ ఎక్కడ తోస్తాయి?

ఇలా ఉండగా అత్తగారి చెల్లెలికి మోకాలి ఆపరేషన్ వచ్చింది. అయిదు రోజులు తోడు వెళ్ళాలి. సరిగ్గా అప్పుడే ఆడపిల్లల బడి ఒకటి పన్నెండు కణం బొమ్మలు కావాలని ఉత్తరం రాసింది, సైన్సు ప్రదర్శనకు. పని ఎవరికి అప్పజెప్పాలి? అంతకుముందు ఒకసారి కొడుకుకు అప్పజెప్పి వెళ్ళింది. అతను ఒక బడికి నాలుగు జతల చెవులు పంపాడు, ఎనిమిదీ ఎడమ చెవులే. అడిగితే, "కుడిదానికి అచ్చు కనిపించలేదు, ఎడమది తిప్పి పెట్టుకుంటారనుకున్నాను" అన్నాడు.

అందుకని ఈసారి అత్తగారు అల్లుణ్ణి పిలిచింది. సంచి భుజాన వేసుకుని గుమ్మంలో నిలబడి ఉంది.

"అల్లుడు గారూ, ఈ పన్నెండూ మీ చేతుల మీదుగా వెళ్ళాలి. మాట రాకుండా వెళ్ళాయనుకోండి, ఇకనుంచి ఆర్డర్లన్నీ మీరే చూసుకుందురు గాని. నాకూ ఓపిక తగ్గిపోతోంది. తేడా వచ్చిందా, మళ్ళీ ఎవరి పీట వాళ్ళదే."

"అలాగే అత్తయ్యా," అన్నాడు అతను. అనడానికి అలా అన్నాడు గానీ ఒంట్లో ఒక్కసారిగా వేడి పుట్టింది. పందొమ్మిదేళ్ళలో అతనికి ఆ ఇంట్లో ఎవరైనా పని మొత్తం అప్పజెప్పడం అదే మొదలు.

మొదటి రోజు మీసం సవరించుకుని పని మొదలుపెట్టాడు. బావమరిది చేత బంతులు పోయించాడు. మడతలు పోయించాడు. పళ్ళేలకు రంగు కొట్టించాడు. ముందుగదిలో అత్తగారి కుర్చీ దాకా వెళ్ళి, కూర్చోకుండా, దాని వీపు మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. మూడో రోజు మధ్యాహ్నానికి గింజలు తప్ప అన్నీ అయ్యాయి.

"గింజలు నువ్వు చెక్కు," అన్నాడు బావమరిదితో.

"గింజలు నీ పని కదా బావా."

"నేను పని చూసుకోవాలి కదా."

"చూసుకుంటూ చెక్కు," అన్నాడు బావమరిది, అరటిపండు ఒలుచుకుంటూ. అతనికి ఇందులో దురుద్దేశం ఏమీ లేదు. అతనికి అసలు ఉద్దేశాలే తక్కువ.

అల్లుడు వెనకగది గుమ్మంలో నిలబడి ఆ పీట వంక చూశాడు. కుళాయి చుక్కలు పడి పడి దాని ఒక కాలు నల్లబడి ఉంది. పనికి పెద్దనయ్యాక కూడా దాని మీద కూర్చోవాలా? కూర్చుంటే అత్తగారు తిరిగొచ్చి ఏమంటుంది? "మీరు అక్కడే ఉన్నారా" అంటుంది, మర్యాదగా. ఆ మర్యాద తలచుకునేసరికి అతనికి మతి పోయింది. నాలుగు గింజలు, ఊరికే పడుండేవి, లేకపోతే కొంపలేం మునుగుతాయి? ఆవిడే కదా ఇన్నేళ్ళూ ఆ మాట అంది. అలా అనుకుని, గింజలు చెక్కడానికి ఇంకొకర్ని వెతకడం మాని, అసలు గింజలనే ఎత్తేశాడు. పెత్తనం చేతికి రాగానే అతను చేసిన మొట్టమొదటి ఘనకార్యం ఇదే.

"ఏదో వెలితిగా ఉందండీ," అంది భార్య, రంగులు వేసిన పళ్ళేలను దూరం నుంచి చూస్తూ.

"విశాలంగా ఉంది," అన్నాడు.

ఎనిమిదో తరగతి చదివే కూతురు బడి నుంచి వచ్చి, "నాన్నా, మైటోకాండ్రియా లేవేం?" అని అడిగింది.

"పెద్దవాళ్ళ పనిలో తలదూర్చకు," అన్నాడు. జన్మలో ఎవరితోనూ అంత గట్టిగా మాట్లాడి ఎరగడు. ఆ పిల్ల కూడా భయపడలేదు, ఆశ్చర్యపోయింది.

నాలుగో రోజు పన్నెండు పెట్టెలూ గడ్డిలో సర్ది బడికి పంపించాడు. అయిదో రోజు రాత్రికి అత్తగారు రావాలి, రాలేదు. ఆరో రోజు పొద్దున ఎనిమిది గంటలకు వచ్చింది. ఆవిడ ఆటో దిగి చిల్లర అడుగుతుండగానే, వెనకాలే ఒక వ్యాను వచ్చి ఆగింది. అందులో పన్నెండు పెట్టెలూ ఉన్నాయి. డ్రైవరు పక్కన ఆడపిల్లల బడి సైన్సు టీచరు ఉంది, కళ్ళజోడు, చేతిలో మొదటి పెట్టెలోంచి తీసిన కణం.

గుమ్మంలో నిలబడ్డ అల్లుడు పక్కకు జరిగి దారి ఇచ్చాడు.

టీచరు లోపలికి వచ్చి, కణాన్ని బల్ల మీద పెట్టి, "ఇది చచ్చిపోయింది," అంది.

అత్తగారు సంచి ఇంకా దింపలేదు. "ప్లాస్టర్ కణం చావడమేంటి తల్లీ?"

"నిజం కణం ఇలా ఉంటే ఎప్పుడో చచ్చి ఉండేదండీ. పన్నెండూ ఇంతే. మైటోకాండ్రియా ఒక్కటంటే ఒక్కటి లేదు. రేపు పొద్దున తొమ్మిదికి ప్రదర్శన. పిల్లలు వీటి ముందు నిలబడి 'గుండె ఎలా అలసిపోకుండా పని చేస్తుంది' అని చెప్పాలి. ఏం చూపించి చెబుతారు?"

అత్తగారు కణం మీదకు వంగి, కళ్ళు చిట్లించి చూసింది. బంతి ఉంది, మడతలు ఉన్నాయి.

"గింజలేవి?" అంది.

బావమరిది అప్పుడే లేచి వచ్చాడు, చెంప మీద దిండు గీతలతో. అతని మీదకు నెట్టేయడం అల్లుడికి చిటికెలో పని. ఎనిమిది ఎడమ చెవుల మనిషి చేశాడంటే ఎవరైనా నమ్ముతారు. ఆ ఆలోచన రాలేదనను, వచ్చింది. కానీ నోరు తెరిస్తే వేరే మాట వచ్చింది.

"నేనే మానేశాను అత్తయ్యా."

"ఎందుకని?"

అతను ఒక్కసారిగా చెప్పేశాడు. "చేసి చేసి విసుగొచ్చింది. పని మొత్తం నాకు అప్పజెప్పారు కదా, ఇంకా ఆ పీట మీదే కూర్చోవాలా అనిపించింది. అవి ఊరికే పడుంటాయని మీరే అంటారు. ఊరికే పడుండేవాటిని చేస్తూ పందొమ్మిదేళ్ళు కూర్చున్నాను. నాకు సిగ్గేసింది."

భార్య అతని పక్కకు వచ్చి నిలబడింది. అత్తగారు సంచి కింద పెట్టింది.

"ఊరికే పడుండడమా?" అంది టీచరు. ఆవిడ ఇంటి గొడవలు వినిపించుకునే రకం కాదు, ఒక్క ముక్కే పట్టుకుంది. "ఎవరండీ చెప్పింది? మనం తిన్నది అరిగి అరిగి, పీల్చిన గాలి రక్తంలో కలిసి, చివరికి చేరేది వీటి దగ్గరికే. ఆ రెంటినీ వాడుకుని కణానికి కావలసిన శక్తిని తయారుచేసేవి ఇవే. కణానికి వంటిల్లు అనుకోండి. మీరు చెయ్యి ఎత్తినా, మెట్టు ఎక్కినా, ఆ శక్తి చాలావరకు ఇక్కడిదే."

"కోప్పడినా?" అంది అత్తగారు.

"కోప్పడినా."

"అయితే అమ్మకు చాలా ఉండుంటాయి," అన్నాడు బావమరిది.

టీచరు తన సంచిలోంచి ఉత్తరం నకలు తీసింది. "పైగా నేను గుండె కండర కణం అని రాశాను, చూడండి. గుండె ఒక్క పూట కూడా సెలవు పెట్టదు కదా. ఆ కణంలో దాదాపు మూడో వంతు చోటు వీటిదే. వేలల్లో ఉంటాయి. అన్ని మీరు చేయలేరు, నాకు తెలుసు. బొమ్మకు ముప్పయ్యన్నా ఉండాలి."

పన్నెండు ముప్పైలు మూడు వందల అరవై అని బావమరిది వేళ్ళ మీద లెక్కేసి, ఆ వేళ్ళు అలాగే పట్టుకుని ఉండిపోయాడు. తరువాత అతనికి బతుకులో వచ్చిన రెండు మూడు ఆలోచనల్లో ఒకటి వచ్చింది.

"మేడం, గింజలు అసలే లేని కణం ఏదీ ఉండదా?"

టీచరు ఆలోచించింది. "ఉంది. మన ఒంట్లో ఎర్ర రక్తకణం."

అందరి మొహాలూ వెలిగాయి. "అయితే ఎర్ర రంగు పూసేద్దాం," అన్నాడు బావమరిది. "పేరు చీటీ మార్చేద్దాం."

"కానీ దానికి కేంద్రకం కూడా ఉండదు."

బావమరిది అప్పటికే స్క్రూడ్రైవర్ తెచ్చాడు. బంతి ఊడదీసి పక్కన పెట్టాడు. "ఇప్పుడు?"

"ఆ పొరలు కూడా ఉండవు."

మడతలు కూడా ఊడదీశాడు. అందరూ వంగి చూశారు. బల్ల మీద గుండ్రటి చెక్క పలక మిగిలింది, దాని మీద నాలుగు స్క్రూ రంధ్రాలు.

"బాగుంది," అంది అత్తగారు. "పళ్ళేలు అమ్ముకుని బతుకుదాం."

టీచరుకు నవ్వొచ్చింది, ఆపుకుంది. భార్య ఆపుకోలేకపోయింది. అల్లుడు మాత్రం నవ్వలేదు. అతను ఆ పళ్ళెం వైపు చూస్తూ ఉండిపోయాడు. ఇన్నేళ్ళూ తను చెక్కింది వంటిల్లని అప్పుడే తెలిసింది. తెలిసిన పూటే దాన్ని తన చేతులతో పీకి పారేశానని కూడా తెలిసింది. సంతోషపడాలో ఏడవాలో అతనికి తేలలేదు.

అత్తగారు కుర్చీలో కూర్చుంది. ఆవిడ ఒక విషయం పట్టుకుంటే తేలిగ్గా వదలదు. "అంత పని చేసేవైతే మరి బంతిలో ఉండక, బయట ఆ మూలా ఈ మూలా ఎందుకుంటాయి టీచరమ్మా?"

"అవి ముందు నుంచీ కణానివి కావండీ. బయట నుంచి వచ్చాయి."

"వచ్చాయా?"

"వందల కోట్ల ఏళ్ళ కిందట. అప్పుడవి సొంతంగా బతికే చిన్న చిన్న జీవులు. వాటి కంటే పెద్ద కణం ఒకటి అలాంటిదాన్ని లోపలికి లాక్కుంది. మింగిందనే చెప్పుకుంటారు. మింగిందే గానీ అరిగించుకోలేదు. లోపలికి వచ్చింది అక్కడే ఉండిపోయింది. ఉండి, దానికి శక్తి చేసిపెట్టడం మొదలుపెట్టింది. ఇప్పటికీ వాటికి సొంత పొర ఉంది. సొంత వారసత్వపు రాత కొంచెం దాచుకున్నాయి, మిగతాదంతా కేంద్రకానికి ఇచ్చేశాయి. ఇప్పుడు అవి బయటికి వెళ్ళి బతకలేవు, అవి లేకపోతే కణమూ బతకదు."

అత్తగారు అల్లుడి వైపు చూసింది. ఈసారి కుళాయి వైపు కాదు, నేరుగా అతని వైపే. అతను గోళ్ళలో ప్లాస్టర్ గీక్కుంటున్నాడు.

"మింగింది గానీ అరగలేదు," అంది ఆవిడ నెమ్మదిగా.

"అవునండీ."

"ఇన్నేళ్ళయినా."

"ఇన్నేళ్ళయినా."

"అచ్చం మా ఇంటి సంగతే," అంది.

"ఇంకో విషయం," అంది టీచరు, పాఠం మధ్యలో ఆపడం చేతగాక. "పిల్లలకు ఇవి తల్లి నుంచే వస్తాయి. తల్లికి వాళ్ళ తల్లి నుంచి."

అత్తగారు కుర్చీలో నిటారుగా జరిగింది. "అంటే మా మనవరాలివి నావే?"

"మీ అమ్మాయి ద్వారా మీవే."

అల్లుడు తలెత్తాడు. "నా నుంచి?"

"రావండీ."

"ఒక్కటి కూడానా?"

"మామూలుగా ఒక్కటీ రాదండీ."

వేలకు వేలు గింజలు చెక్కి ఊరూరా బడులకు పంపినవాడు కన్నకూతురికి ఒక్కటీ ఇవ్వలేకపోయాడు. అతని మొహం చూసి భార్యకు జాలేసింది. "పోనీలెండి, దానికొచ్చింది మీ ముక్కే," అంది. ఆ ముక్కు గురించి ఆ పిల్ల రోజూ అద్దం ముందు ఏమంటుందో ఆవిడ అప్పుడు చెప్పలేదు.

అత్తగారు గోడ గడియారం చూసింది. ఎనిమిదిన్నర. "సాయంత్రం ఆరింటికల్లా ఇస్తే చాలునా టీచరమ్మా?"

"చాలు. కానీ మూడు వందల అరవై..."

"చేస్తాం. ఎలా చేయాలో ఆయన చెబుతారు." ఆవిడ అల్లుడి వైపు తిరిగింది. "చెప్పండి. ఏం చేయాలి?"

అతను వెనకగదిలోకి వెళ్ళాడు. పాత గొడుగులు మూడు తెచ్చి ఊచలు విరిచాడు, రాయి మీద సానబెట్టి తలా ఒకటి ఇచ్చాడు. టీచరు కూడా బడికి ఫోను చేసి, ఆ రోజుకు సెలవని చెప్పి, చీర కొంగు దోపుకుంది. వ్యాను డ్రైవరు ఒకడు మిగిలాడు. అతన్ని పెద్ద చెవి పక్కన కూర్చోబెట్టి, ఆరిన గింజలను అయిదేసి చొప్పున లెక్కపెట్టమన్నారు.

చిన్న పీట ఒక్కటే ఉంది. దాని మీద ఎవరు కూర్చోవాలన్న మాట రాకముందే అత్తగారు వెళ్ళి కూర్చుంది. కూర్చోగానే పీట కుయ్యిమంది. "ఇంత ఎత్తు తక్కువేమిటిది?" అంది. "మోకాళ్ళు గడ్డానికి తగులుతున్నాయి. దీని మీద పందొమ్మిదేళ్ళా?" అతను ప్లాస్టర్ కలుపుతున్నాడు.

"ముద్ద గట్టిపడకముందే గీయాలి. అంచు నుంచి లోపలికి వేలులా పోవాలి, అవతలి అంచు తాకకుండా వెనక్కి మళ్ళాలి. మళ్ళీ ఇంకొకటి అటు నుంచి. మడతలు ఎన్నుంటే అంత చోటు దొరుకుతుంది." ఆఖరి మాట ఎందుకన్నాడో అతనికే తెలియదు, అది అతని వేళ్ళు ఎప్పుడో కనిపెట్టిన సంగతి. టీచరు చేతిలో ఊచ ఆగిపోయింది. "సరిగ్గా అందుకేనండీ ఆ మడతలున్నది," అంది. "పని జరిగేది ఆ పొర మీదే. ఎన్ని మడతలుంటే అంత పని. మీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు," అన్నాడు.

గంట గడిచింది. బావమరిది గింజలు అరటిపండ్లంత వచ్చాయి. భార్యవి బాగున్నాయి, ఒకటో రెండో వంకర. టీచరువి పుస్తకంలో బొమ్మలా వచ్చాయి గానీ, గంటకు నాలుగే. అత్తగారు పదకొండు చేసి, వరసగా పేర్చి, "చూడండి" అంది.

అతను ఒక్కొక్కటీ తీసి వెలుతురులో తిప్పి చూశాడు. ఆవిడ చేతికి కోపంతో గీయడం అలవాటు, మడతలన్నీ అవతలి అంచు దాకా చీరుకుపోయాయి. ఇవి పెడితే గుండె మూడు నిమిషాల్లో ఆగిపోతుంది. ఈ మాట అనాలా వద్దా అని అతను చేతిలో గింజను మళ్ళీ ఒకసారి తిప్పాడు. అత్తగారి పనికి వంక పెట్టిన మగవాడు ఆ ఇంట్లో లేడు. మామగారు కూడా పెట్టలేదు, పోయేదాకా.

"అత్తయ్యా, ఇవి పనికిరావు," అన్నాడు.

బావమరిది ఊచ కింద పెట్టేశాడు. కుళాయి చుక్క పడింది.

"పదకొండూనా?"

"పదకొండూ."

ఆవిడ అతని చేతిలోని గింజను, తన ముందున్న గింజలను మార్చి మార్చి చూసింది. తరువాత పదకొండింటినీ కొంగులోకి ఎత్తుకుని వెళ్ళి, నీళ్ళ తొట్టి పక్కనున్న చెత్తబుట్టలో పోసి వచ్చి, మళ్ళీ పీట మీద కూర్చుంది. "చెయ్యి పట్టుకుని చూపించండి," అంది. అతను వెనక నుంచి వంగి, ఆవిడ చేతి మీద చెయ్యి వేసి, ఊచను నెమ్మదిగా నడిపించాడు. పన్నెండోది నిలబడింది. పదమూడోది ఆవిడ ఒక్కతే చేసింది.

మధ్యాహ్నం అందరూ నిలబడే ఏదో తిన్నారు. కూతురు బడి నుంచి వచ్చి, సంచి విసిరేసి, ఏమీ అడక్కుండా ఊచ తీసుకుంది. దాని గింజలు నాన్నవాటిలాగే వచ్చాయి, ఏది ఎవరు చేశారో డ్రైవరుకు తెలియలేదు. అతను రెండుసార్లు లెక్క తప్పి, మూడోసారి సరిగ్గా పెట్టాడు. అయిదుంపావుకు మూడు వందల అరవైయ్యోది ఫ్యాను కింద ఆరింది. రంగు కూడా వేసి అతికించేసరికి పళ్ళెంలో ఖాళీ చోటన్నది కనబడలేదు. బంతి అసలు ఎక్కడుందో వెతుక్కోవాలి.

టీచరు పన్నెండూ చూసుకుని, "ఇవి బతుకుతాయి," అంది. పెట్టెలు వ్యానులోకి ఎక్కాయి. ఎక్కబోతూ ఆవిడ ఆగి, "రేపు ప్రదర్శనకు ఎవరైనా వస్తారా? పిల్లలు ఎలా చేశారని అడుగుతారు" అంది.

"మా అల్లుడు వస్తాడు," అంది అత్తగారు. "ఇకనుంచి పనంతా ఆయనదే. మాట్లాడాల్సింది కూడా ఆయనే." వీధిలో పక్కింటావిడ చెవి కిటికీ పక్కన నిలబడి వింటోంది, దాపరికం ఏమీ లేకుండా. అత్తగారు అది చూసీ గొంతు తగ్గించలేదు. "ఇన్నేళ్ళూ ఇతనికి మేం తిండి పెడుతున్నాం అనుకున్నాను టీచరమ్మా. ఇతని చేతి గింజ లేకుండా మా ఇంటి నుంచి ఒక్క కణం బయటికి వెళ్ళి నిలవలేదు. మాకు తిండి పెట్టింది ఇతను. బుద్ధి లేక చూసుకోలేదు."

టీచరు కళ్ళజోడు తుడుచుకుంది. వ్యాను వెళ్ళిపోయింది. అల్లుడు గేటు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, తుడుచుకుందామంటే రెండు చేతులకూ ప్లాస్టర్. భార్య వచ్చి కొంగుతో తుడిచి, "మొహమంతా తెల్లగా అయింది, లోపలికి రండి" అంది.

ఆరున్నరకే అందరూ అన్నాలకు కూర్చున్నారు. వడ్డించేది అత్తగారే. పెళ్ళయిన నాటి నుంచి అతను ఆ ఇంట్లో మొదటి గరిటె పడగానే "చాలు చాలు" అని చెయ్యి అడ్డం పెట్టేవాడు. ఎంత ఆకలేసినా అంతే. రెండో గరిటె అడగడానికి తను ఆ ఇంటివాడిని కాదనిపించేది. అతను సగం కడుపుతో లేస్తున్నాడని ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు, అల్పాహారి అనుకునేవాళ్ళు.

మొదటి గరిటె పడింది. అతని చెయ్యి అలవాటుగా లేవబోయి ఆగింది. రెండోది పడింది. తిన్నాడు. కంచం ఖాళీ అయ్యాక తలెత్తి చూశాడు.

"అత్తయ్యా, ఇంకొంచెం వేయండి," అన్నాడు.

ఆవిడ చేతిలో గరిటె ఆగింది. ఆవిడ కంచం వైపు చూసింది, అతని బక్క చేతుల వైపు చూసింది, అప్పుడు అర్థమైంది. గిన్నె తెచ్చి అతని పక్కన పెట్టి, తనూ అక్కడే కింద కూర్చుంది.